పెరటి నిమ్మకాయ – కొలత నేర్పిన పాఠం

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (రసాయన శాస్త్రం)

 

పత్రికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు మొదట "చదువు విలువ" మీద రాద్దామనుకున్నాను. ఆ విషయం మీద ప్రతి సంచికలో ఇద్దరు ముగ్గురు రాస్తూనే ఉన్నారు. అందుకని నేను చదువుకున్న రసాయన శాస్త్రం నుంచి, మన పెరళ్ళలో ఉండే ఒక వస్తువు తీసుకొని చిన్న పాఠం చెబుతాను. ఆ వస్తువు నిమ్మకాయ.

నేను ఆరో తరగతిలో చేరినప్పుడు నీళ్ళ ట్యాంకు వెనుక ఒక నిమ్మచెట్టు ఉండేది. వానాకాలం వచ్చిందంటే కాయలు పండి, రాలి, బురదలో కుళ్ళేవి. మేము వాటిని బంతులుగా విసురుకునేవాళ్ళం. అదే చేత్తో బడి దగ్గర కొట్టులో రూపాయి పెట్టి రంగు నీళ్ళ ప్యాకెట్టు కొనుక్కొని పళ్ళతో చించి తాగేవాళ్ళం. కాలి కింద ఉన్నది కాయ అనీ, చేతిలో ఉన్నది రంగు అనీ అప్పుడు తోచలేదు.

వానల్లో ఎవరూ అడగని ఈ కాయ ఎండల్లో బంగారమవుతుంది. 2022 ఏప్రిల్‌లో ఒక్కో నిమ్మకాయ పది రూపాయలకు అమ్మడం మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. శ్రావణంలో పారబోసి వైశాఖంలో కొనుక్కోవడం మన అలవాటు. శ్రావణపు రసాన్ని వైశాఖం దాకా ఎలా దాచాలి? దాచినది ఎవరు తాగవచ్చు, ఎవరు తాగరాదు? ఈ రెండు ప్రశ్నలే ఈ పాఠం. రెండో ప్రశ్న మన ఉద్దానం ప్రాంతానికి మరీ ముఖ్యమైనది కనుక దయచేసి చివరి వరకు చదవండి.

1. పులుపు కుటుంబం

నిమ్మ, గజనిమ్మ, దబ్బ, నారింజ, బత్తాయి, పంపరపనస ఇవన్నీ రూటేసి అనే ఒకే కుటుంబానికి చెందినవి. మన కరివేపాకు, మారేడు, వెలగ కూడా ఈ కుటుంబంలోవే. ఆకును నలిపి వాసన చూస్తే చుట్టరికం తెలుస్తుంది.

మనకు ఇక్కడ ఎక్కువగా దొరికేది పలుచటి తొక్క గల కాగితపు నిమ్మ. దీని రసంలో వందకు ఆరు నుంచి ఎనిమిది పాళ్ళు సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. ఒక్కో కాయకు 15 నుంచి 20 మిల్లీలీటర్ల రసం వస్తుంది. అనగా లీటరు రసానికి అరవై కాయలు కావాలి. దబ్బకాయ తొక్క మందం, పులుపు ఎక్కువ. పంపరపనస లోపలి పొర చేదు. నారింజ, బత్తాయిలలో పులుపు తక్కువ, తీపి ఎక్కువ. ఈ తేడా గుర్తుంచుకోవాలి. పులుపు తగ్గినకొద్దీ రసం త్వరగా చెడుతుంది.

2. నా మొదటి సీసాలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన తీరం మీద పడింది. అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. వజ్రపుకొత్తూరు మండలంలో మా అమ్మ పుట్టిల్లు. తాత ఇంటి చుట్టూ కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు కూలిపోయాయి. వాటి విలువ ముందు పెరటిలోని నిమ్మ, దబ్బ లెక్కలోకి రావు. అయినా తుఫాను తగ్గాక అమ్మమ్మ రెండు గంపల కాయలు ఏరి అరుగు మీద పోసింది. కొనేవాడు లేడు, దారుల మీద చెట్లు పడి సంతకు పోయే వీలూ లేదు.

"సదువుకుంటన్నావు కదరా, వీటిని ఏటైనా సెయ్యి" అంది.

నేను సైన్సు గ్రూపు విద్యార్థిని కదా, వెంటనే రంగంలోకి దిగాను. కాయలన్నీ పిండాను. కొట్టులో దొరికిన పంచదార పోశాను. ఎంత రసానికి ఎంత పంచదార అని చూడలేదు. నాలుక మీద వేసుకొని "సరిపోయింది" అనుకున్నాను. పాత కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలు నీళ్ళతో తొలిచి మూతల దాకా నింపాను. ఊళ్ళో కరెంటు లేదు కనుక సీసాలు అటక మీద ఉన్నాయి.

ఎనిమిదో రోజుకు సీసాలు గుమ్మడికాయల్లా ఉబ్బాయి. పదో రోజు రాత్రి ఒకటి ఢాం అని పేలింది. తాత లేచి కూర్చొని "మళ్ళీ తుఫానా?" అన్నాడు. మిగిలినవి తెరిస్తే కల్లు వాసన. రెండు గంపల కాయలు, మూడు కిలోల పంచదార పెంట మీద పోశాం. ఆ రోజుల్లో మూడు కిలోల పంచదార మా ఇంటికి చిన్న ఖర్చు కాదు. అమ్మమ్మ నన్ను ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

ఎక్కడ తప్పు జరిగిందో డిగ్రీలో గాని నాకు అర్థం కాలేదు. మీరు అంత కాలం ఆగనక్కరలేదు.

3. రసం ఎందుకు చెడుతుంది?

నిమ్మరసం చాలా పుల్లనిది కాబట్టి మనిషికి ప్రమాదకరమైన బాక్టీరియా అందులో సాధారణంగా పెరగదు. అయితే ఈస్టు, బూజు అనే రెండు రకాల జీవులు పులుపును లెక్కచేయవు. కాయ తొక్క మీద, మన చేతుల మీద, గాలిలో ఈస్టు ఉంటుంది. దానికి పలుచటి తీపి నీళ్ళు విందు భోజనం. అది పంచదారను తిని ఆల్కహాలును, కార్బన్ డయాక్సైడు వాయువును విడుస్తుంది. నా సీసాలు ఉబ్బింది ఆ వాయువు వల్లనే.

మరి పంచదార పోసిన ఊరగాయలు, జాములు ఎందుకు చెడవు? పంచదార మరీ ఎక్కువైతే అది సూక్ష్మజీవి ఒంట్లోని నీటిని బయటకు లాగేస్తుంది. అప్పుడు అది పెరగలేదు. అనగా తక్కువ పంచదార ఈస్టుకు మేత, ఎక్కువ పంచదార ఈస్టుకు ఉరి. వస్తువు ఒక్కటే, కొలత మారితే గుణం మారింది. నేను నాలుక మీద కొలిచి సరిగ్గా మేత కొలత దగ్గర ఆగిపోయాను.

రెండో సమస్య చేదు. నారింజ జాతి రసాలు పిండగానే తియ్యగా ఉండి, కొన్ని గంటలకు లేదా వేడి చేయగానే చేదెక్కుతాయి. పొరల్లో, గింజల్లో ఉండే ఒక పదార్థం రసంలోని ఆమ్లంతో కలిసి లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారడం దీనికి కారణం. పంపరపనస పొరలో నారింజిన్ అనే మరో చేదు ఉంది. కనుక గింజ నలిగేలా పిండరాదు, రసాన్ని మరిగించరాదు. నారింజ, పంపరపనస రసాలు పిండిన వెంటనే తాగేయాలి. నిల్వకు నిమ్మ, దబ్బ మాత్రమే మేలు.

4. సముద్రం మీద నిమ్మరసం

రసాన్ని దాచడం మన ఒక్కరి సమస్య కాదు. పూర్వం నెలల తరబడి ఓడల్లో తిరిగే నావికులకు చిగుళ్ళు వాచి, రక్తం కారి, చనిపోయే స్కర్వీ అనే వ్యాధి వచ్చేది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పన్నెండు మంది రోగులను రెండేసి మంది చొప్పున ఆరు జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజ, గజనిమ్మ పండ్లు తిన్న జట్టు అందరికన్నా ముందు కోలుకుంది. అయినా బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా పట్టింది.

1867లో స్కాట్లాండుకు చెందిన లాక్లన్ రోజ్ అనే వ్యాపారి సారా కలపకుండా నిమ్మరసాన్ని నిల్వ చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. నేటి నిమ్మ కార్డియళ్ళు, స్క్వాష్‌లు ఆ దారిలో వచ్చినవే.

ఇందులో మరో నీతి కూడా ఉంది. నౌకాదళం తరువాతి కాలంలో గజనిమ్మకు బదులు వెస్టిండీస్ నిమ్మరసం వాడింది. అందులో విటమిన్ 'సి' తక్కువ. పైగా నిల్వలో, గాలి తగిలి, రాగి గొట్టాలలో ప్రవహించి ఆ ఉన్నది కూడా చాలావరకు పోయేది. 1875లో బయలుదేరిన ఆర్కిటిక్ యాత్రలో నిమ్మరసం వెంట ఉండి కూడా స్కర్వీ వచ్చింది. కాబట్టి సీసాలో రసం ఉంటే చాలదు, దాన్ని ఏ పాత్రలో ఎలా చేశామన్నది ముఖ్యం.

5. తయారీకి ముందు

అ) చెట్టు నుంచి కోసిన కాయలనే నిల్వకు వాడాలి. రాలి పగిలిన కాయలు ఆ రోజు షర్బత్తుకు సరే, సీసాకు పనికిరావు.

ఆ) కాయలను కడిగి, తడి లేకుండా తుడిచి, అరచేతి కింద దొర్లించి పిండితే రసం ఎక్కువ వస్తుంది.

ఇ) స్టీలు, గాజు లేదా పింగాణీ పాత్రలే వాడాలి. ఇత్తడి, రాగి, అల్యూమినియం, ఇనుము వద్దు. ఆమ్లం లోహాన్ని తింటుంది, మనం ఆ రసాన్ని తాగుతాం.

ఈ) గాజు సీసాలను చల్లటి నీళ్ళలో పెట్టి, అవి మరిగాక ఇరవై నిమిషాలు ఉంచి, బోర్లించి ఆరనివ్వాలి. మూతలు కూడా శుభ్రంగా ఉండాలి.

ఉ) ఒక తూకం, ఒక కొలత గ్లాసు దగ్గర ఉండాలి. ఇవి లేకుంటే పని మొదలుపెట్టవద్దు. ఇది నా అనుభవం.

6. తయారుచేసే విధానాలు

మొదటిది – ఈ రోజుకు: నిమ్మ బెల్లం పానకం

కావలసినవి: బెల్లం 100 గ్రాములు, కాచి చల్లార్చిన నీళ్ళు 1 లీటరు, నిమ్మకాయలు 2, మిరియాలు నాలుగైదు, ఏలకులు 2, చిటికెడు శొంఠి.

బెల్లాన్ని నీళ్ళలో కరిగించి వడగట్టాలి. మిరియాలు, ఏలకులు దంచి శొంఠితో పాటు కలపాలి. చివరిగా నిమ్మరసం పిండాలి. శ్రీరామనవమి పానకానికి ఇది తమ్ముడి వంటిది. దీన్ని ఆ పూటే తాగాలి, మర్నాటికి ఉంచరాదు. పొలం పనికి వెళ్ళేవారికి చోడి అంబలిలో గాని, పలుచటి మజ్జిగలో గాని కాస్త ఉప్పు వేసి నిమ్మకాయ పిండి ఇస్తే తీపి లేని మంచి పానీయం అవుతుంది.

రెండవది – రెండు మూడు నెలలకు: నిమ్మ సిరప్

కావలసినవి: నిమ్మరసం 1 లీటరు, పంచదార 1,900 గ్రాములు. నీళ్ళు వద్దు.

గింజలు పడకుండా వడగట్టిన రసంలో పంచదార పోసి, మూత పెట్టి, పూటకు రెండుసార్లు పొడి గరిటెతో కలపాలి. రెండు రోజుల్లో కరుగుతుంది. పొయ్యి మీద పెట్టనక్కరలేదు. ఇప్పుడు మొత్తం బరువులో మూడింట రెండు వంతులు పంచదారే. ఈస్టుకు ఉరి అన్నది ఈ కొలతే. మందు ఏదీ కలపలేదు కనుక ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది. గ్లాసు నీళ్ళకు రెండు చెంచాలు చాలు.

మూడవది – వేసవి దాకా: నిమ్మ స్క్వాష్

కావలసినవి: నిమ్మరసం 1 లీటరు, పంచదార 2 కిలోలు, నీళ్ళు 1 లీటరు, పొటాషియం మెటాబైసల్ఫైట్ 2.4 గ్రాములు. చివరిదాన్ని దుకాణాల్లో కె.ఎం.ఎస్. అంటారు.

పంచదార, నీళ్ళు కలిపి మరిగించి, పైన తేలే మడ్డి తీసి, గుడ్డతో వడగట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. చల్లారాకే రసం కలపాలి. వేడి మీద కలిపితే చేదు పెరుగుతుంది, విటమిన్ తగ్గుతుంది. కె.ఎం.ఎస్.ను చెంచాడు నీళ్ళలో కరిగించి అంతటా కలిసేలా తిప్పాలి. సీసా మెడ దగ్గర రెండు సెంటీమీటర్లు ఖాళీ వదిలి నింపి, బిగుతుగా మూత పెట్టి, చల్లటి చీకటి చోట ఉంచాలి.

లెక్క చూద్దాం. మొత్తం బరువు నాలుగు కిలోల పైచిలుకు. అందులో రసం పావు వంతు. స్క్వాష్ అనే పేరుకు కనీసం వందకు 25 పాళ్ళు రసం, 40 పాళ్ళు కరిగిన ఘనపదార్థం ఉండాలని మన దేశపు ప్రమాణం. మనది రెండింటికీ సరిపోయింది. స్క్వాష్‌లో సల్ఫర్ డయాక్సైడు పది లక్షల పాళ్ళకు 350 పాళ్ళు మించరాదు. కిలోకు 0.6 గ్రాముల కె.ఎం.ఎస్. ఆ హద్దుకు దగ్గరగా వస్తుంది. అందుకే 2.4 గ్రాములు అన్నాను. "చిటికెడు ఎక్కువైతే ఇంకా బాగా నిలుస్తుంది" అనుకోవద్దు. తూకం లేకపోతే బడి ప్రయోగశాలలోని త్రాసులో కాగితం వేసి తూచవచ్చు. అయితే ప్రయోగశాల సీసాలోని రసాయనాన్ని మాత్రం వాడరాదు. ఆహారానికి పనికివచ్చే రకమని ముద్ర ఉన్నదే కొనాలి. ఆస్తమా ఉన్నవారిలో కొందరికి ఇది పడదు, వారు సిరప్‌తో సరిపెట్టుకోవాలి.

ఈ స్క్వాష్ సుమారు మూడుంబావు లీటర్లు వస్తుంది. ఒక పాలు స్క్వాష్‌కు మూడు పాళ్ళు నీళ్ళు కలిపితే 200 మిల్లీలీటర్ల గ్లాసులు అరవై అయిదు. కిలో పంచదార 45 రూపాయలనుకుంటే గ్లాసుకు పంచదార ఖర్చు రూపాయిన్నర లోపే. కానీ గ్లాసుకు ముప్పై గ్రాముల పంచదార, అనగా ఆరు చెంచాలు పడిందని కూడా గుర్తించండి. నీళ్ళు ఇంకా ఎక్కువ కలుపుకోవాలి, రోజుకు ఒక్క గ్లాసుతో ఆగాలి. ఇంట్లో చేసినంత మాత్రాన పంచదార పంచదార కాకుండా పోదు.

ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఇంకా సులువు. ఉత్త రసాన్ని ఐసు గడుల ట్రేలో గడ్డకట్టించి, గడ్డలను మూత డబ్బాలో వేసి ఫ్రీజరులో ఉంచితే, కావలసినప్పుడు ఒక్కో గడ్డ తీసుకోవచ్చు. పంచదారా అక్కరలేదు, మందూ అక్కరలేదు.

డ్వాక్రా సంఘాల అక్కలు ఎవరైనా దీన్ని అమ్మాలనుకుంటే 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం ముందుగా నమోదు చేయించుకోవాలి. సీసా మీద చేసిన తేదీ, కలిపిన పదార్థాలు రాయాలి.

7. ఎవరు తాగాలి, ఎవరు తాగరాదు

ఇక రెండో ప్రశ్న. ఇది రాయడం నాకు కొంచెం కష్టం.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఆ జబ్బు తెలియని వీధి లేదు. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు ఇలా ఎన్నో కోణాల్లో పరిశోధనలు జరిగాయి, కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం గ్రామాలకు తాగునీరు తెచ్చే పథకం కూడా ఆ రోజే ప్రారంభమైంది.

మా తాతకు 2020లో ఆ జబ్బు బయటపడింది. మరుసటి ఏడాది డయాలసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు వెళ్ళి వచ్చి నీరసంగా పడుకునేవాడు. నేను డిగ్రీ సెలవులకు వెళ్ళి ఆయన్ను చూసి తట్టుకోలేకపోయాను. బలం రావాలని పొద్దున కొబ్బరి బొండం కొట్టి ఇచ్చాను. మధ్యాహ్నం నారింజ రసం, సాయంత్రం బత్తాయి రసం. మూడు రోజులు అలాగే చేశాను. తాత "నా మనవడు సేసిన రసం" అని వీధిలో అందరికీ చెప్పి మరీ తాగాడు.

నాలుగో రోజు డయాలసిస్‌కు వెళితే రక్త పరీక్షలో పొటాషియం ఆరు దాటింది. ఉండవలసింది మూడున్నర నుంచి అయిదు. నర్సమ్మ కంగారుగా "ఏం పెట్టారు ఈయనకు?" అని అడిగింది. నేను గొప్పగా చెప్పాను. ఆమె ఒక నిమిషం నా వైపు చూసి, "బాబూ, పొటాషియం ఎక్కువైతే గుండె ఆగిపోతుంది, తెలుసా?" అంది. రసాయన శాస్త్రంలో పొటాషియం గురించి నేను నాలుగు పేజీలు రాయగలను. అది మా తాత గుండెకు సంబంధించిన సంగతి అని మాత్రం తెలియదు. ఆ రోజు వెంటనే డయాలసిస్ చేయడంతో గండం గడిచింది. తాత ఆ తరువాత రెండేళ్ళు ఉన్నాడు.

కనుక ఈ కింది విషయాలు మీ ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి.

ఒకటి: ఆరోగ్యవంతుల కిడ్నీలు అదనపు పొటాషియాన్ని మూత్రంలో పంపేస్తాయి. పాడైన కిడ్నీలు పంపలేవు, అది రక్తంలో పేరుకుపోతుంది. నూరు మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్ళలో సుమారు 250 మిల్లీగ్రాములు, నారింజ రసంలో సుమారు 200, నిమ్మరసంలో 100 పైచిలుకు పొటాషియం ఉంటుంది. పప్పులో పిండిన అర చెక్క నిమ్మకాయతో వచ్చేది బహు తక్కువ. గ్లాసులకు గ్లాసులు తాగే నారింజ, బత్తాయి, పంపరపనస రసాలు, కొబ్బరి నీళ్ళతోనే ప్రమాదం. రోగికి ఏది ఎంత అన్నది వైద్యుణ్ణి అడిగే ఇవ్వాలి. రోజుకు తాగే నీళ్ళకు కూడా వారికి కొలత ఉంటుంది. ఉప్పు వేసిన షర్బత్తు కూడా వారికి మంచిది కాదు.

రెండు: "నిమ్మరసం కిడ్నీకి మంచిది" అని అంటుంటారు. ఆ మాట కిడ్నీలో రాళ్ళు వచ్చేవారి విషయంలో నిజమే. నిమ్మలోని సిట్రేటు కొన్ని రకాల రాళ్ళు ఏర్పడకుండా సాయపడుతుంది. రాళ్ళ జబ్బు వేరు, మన ఉద్దానం జబ్బు వేరు. ఒకరి మందు మరొకరికి విషం కావచ్చు.

మూడు: పంపరపనస రసం కొన్ని రకాల బి.పి., కొలెస్ట్రాల్ మాత్రల ప్రభావాన్ని పెంచుతుంది. రోజూ మాత్రలు వేసుకునేవారు అడగకుండా తాగరాదు.

నాలుగు: మధుమేహం ఉన్నవారికి స్క్వాష్, సిరప్, పానకం ఏదీ తగదు.

అయిదు: విరేచనాలు పట్టుకున్నప్పుడు స్క్వాష్ ఇవ్వరాదు, అందులోని ఎక్కువ తీపి విరేచనాలను పెంచుతుంది. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టే వాడాలి. అది దొరకని చోట లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

మరి మనలాంటి ఆరోగ్యవంతులు? ఎండలో జీడితోటలో, ఉప్పుమడిలో, ఇటుక బట్టీలో పనిచేసేవారు దాహం వేసే దాకా ఆగకుండా నీళ్ళు తాగుతూ ఉండాలి. రంగు నీళ్ళ ప్యాకెట్టు కన్నా పలుచటి నిమ్మ మజ్జిగ వెయ్యి రెట్లు నయం.

8. హాస్టల్లో చేయదగిన ప్రయోగం

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళు వార్డెను గారి అనుమతితో ఇది చేయవచ్చు. మూడు చిన్న గాజు సీసాలు మరిగించి తీసుకోండి. మొదటిదాంట్లో 50 మిల్లీలీటర్ల ఉత్త నిమ్మరసం, రెండవదాంట్లో 50 మిల్లీలీటర్ల రసం, 10 గ్రాముల పంచదార, 100 మిల్లీలీటర్ల నీళ్ళు, మూడవదాంట్లో 50 మిల్లీలీటర్ల రసం, 95 గ్రాముల పంచదార పోయండి. మూతలు బిగించకుండా, వాటి మీద శుభ్రమైన గుడ్డ కట్టండి. బిగిస్తే నా సీసా గతే పడుతుంది. పదిహేను రోజులు రోజూ ఒకే వేళకు రంగు, వాసన, బుడగలు, బూజు గమనించి నోటు పుస్తకంలో రాయండి. ఏ సీసా ముందు చెడింది, ఎందుకు? సమాధానం పై పాఠంలోనే ఉంది, కానీ మీ కళ్ళతో చూసింది పరీక్ష అయిపోయాక కూడా మరిచిపోరు. ప్రయోగం సీసాల్లోది తాగరాదు.

9. చివరిగా

ట్యాంకు వెనుక నిమ్మచెట్టు ఇప్పుడు లేదని విన్నాను. కొత్తది వేయడం పెద్ద పని కాదు. నిమ్మ గింజ నుంచి వచ్చే మొక్కలు చాలావరకు తల్లి చెట్టును పోలే ఉంటాయి, కనుక మంచి కాపు కాసే చెట్టు గింజ తెచ్చి నాటండి. కాపుకు కొన్నేళ్ళు పడుతుంది. అంటు మొక్క అయితే ఇంకా తొందరగా కాస్తుంది. వంటశాల దగ్గర సబ్బు కలవని కడుగు నీళ్ళు పారే చోటు చూసి, నీరు నిలవకుండా కాస్త ఎత్తుగా నాటాలి. ఆరో తరగతిలో నాటిన తమ్ముడు పదో తరగతి వీడ్కోలు సభలో ఆ చెట్టు నిమ్మరసం తాగి వెళ్ళవచ్చు.

మా ఇంట్లో పుస్తకం పట్టుకొని కాలేజీ దాకా వెళ్ళినవాడిని నేనే మొదటివాణ్ణి. మా అమ్మ పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టి పంపిన డబ్బుతో, ఈ హాస్టల్ అన్నంతో చదివాను. చదువుకున్నవాడినని ఇంట్లో అందరూ నా మాట నమ్మారు. అమ్మమ్మ కాయలు చేతిలో పెట్టింది, తాత గ్లాసు అందుకున్నాడు. ఆ నమ్మకానికి తగినంత తెలుసుకోకుండా రెండుసార్లు పని మొదలుపెట్టాను. మొదటిసారి పంచదార పోయింది. రెండోసారి ఏం పోయేదో మీకు తెలుసు. మిమ్మల్ని కూడా రేపు మీ ఇంట్లో అలాగే నమ్ముతారు. తెలియనప్పుడు "తెలియదు, అడిగి చెబుతాను" అనండి. అలా అన్నంత మాత్రాన చదువుకున్నవాడి పరువు పోదు.

ఇప్పటికీ ఏటా వానాకాలంలో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మతో కలిసి స్క్వాష్ చేస్తాను. ఆమె పిండుతుంది, నేను తూస్తాను. ప్రతి సీసాకు కాగితం అంటించి చేసిన తేదీ, పంచదార ఎంత, మందు ఎంత అని రాస్తాను. కింద ఎర్ర సిరాతో ఇంకొక వరుస ఉంటుంది: "కిడ్నీ, షుగరు జబ్బులున్నవారు డాక్టరును అడగకుండా తాగరాదు." అమ్మమ్మకు చదవడం రాదు. అయినా ఎవరికైనా సీసా ఇచ్చేటప్పుడు ఆ ఎర్ర గీతల మీద వేలు పెట్టి, "ఇది సదివించుకోండి" అని చెప్పి మరీ ఇస్తుంది.